నాలుగు రూల్స్ చాలు: విశాఖ ప్రైమరీ టీచర్లకు ఒక మార్గదర్శి

ఏటా జూన్ 12 దరిదాపుల్లో బడులు తెరుస్తారు. మొదటి వారం పిల్లలు బుద్ధిగానే కూర్చుంటారు. రెండో వారానికి అసలు రంగు బయటపడుతుంది. మీరు బోర్డు వైపు తిరిగితే చాలు, వెనకాల ఇల్లు పీకి పందిరేస్తారు. అప్పుడు చాలామంది టీచర్లు ఒక చార్టు కొంటారు. స్కెచ్ పెన్నులతో పదిహేను రూల్స్ రాసి, చుట్టూ పూల బోర్డరు గీసి గోడకు అతికిస్తారు. ఆ చార్టు ఏప్రిల్ దాకా అక్కడే ఉంటుంది, క్లాసు కూడా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఇది డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) రాసి కొత్తగా చేరిన ఎస్జీటీల (ప్రైమరీ టీచర్ల) కోసం, గాజువాక నుంచి మధురవాడ దాకా వీధివీధినా ఉన్న చిన్న ప్రైవేటు బడుల్లో ఒక్క గదిలో నలభై మందిని పెట్టుకుని నెట్టుకొస్తున్న టీచర్ల కోసం రాస్తున్నాను. నేను చెప్పదలచింది ఒకటే. రూల్ కూడా ఒక పాఠమే. 'అ' ఎలా రాసి చూపిస్తామో, దిద్దిస్తామో, మర్చిపోతే మళ్ళీ చెబుతామో, దీన్నీ అలాగే నేర్పాలి. గోడకు అతికించి వదిలేస్తే అక్షరం రాదు, అలవాటూ రాదు.

ముందు ఒక లెక్క

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఇప్పుడు మీ క్లాసులో ఒక రోజు తీసుకోండి. ప్రేయర్ అయి లోపలికి వచ్చాక, పొద్దుటి ఇంటర్వెల్ అయ్యాక, అన్నాలయ్యాక, మధ్యాహ్నం ఇంటర్వెల్ అయ్యాక పిల్లలు సర్దుకోడానికి ఒక్కోసారి ఐదు నిమిషాలు పడుతోందనుకోండి. రోజుకు 20 నిమిషాలు. 200 రోజులకు 4,000 నిమిషాలు, అంటే 66 గంటల పైచిలుకు. 800 గంటల్లో ఇది పన్నెండో వంతు. ఏడాదిలో దాదాపు పదిహేడు పనిదినాల చదువు "సైలెన్స్! సైలెన్స్!" అని అరవడంలోనే పోతోందన్నమాట. 

రూల్స్ వల్ల మొదట మిగిలేది ఈ టైమే. క్లాసు నిశ్శబ్దంగా ఉండాలన్న మోజు నాకు లేదు. రెండో తరగతి పిల్లలు కిక్కురుమనకుండా కూర్చుని కనిపిస్తే బెత్తం ఎక్కడ దాచారా అని చూస్తాను. పిల్లలు మాట్లాడుకుంటూనే నేర్చుకుంటారు. ఎప్పుడు, ఎంత గొంతుతో అన్నది వాళ్ళకి తెలిస్తే చాలు.

రెండో లాభం భయస్తులైన పిల్లలకి. ప్రతి క్లాసులో అలాంటివాళ్ళు ముగ్గురు నలుగురు ఉంటారు. పక్కవాడు పెన్సిల్ లాక్కున్నా నోరు విప్పరు. ఈ గదిలో ఏది జరుగుతుంది, ఏది జరగదు అని ముందే తెలిస్తే వాళ్ళకి టెన్షన్ తగ్గుతుంది. దురుసు పిల్లాడిని అదుపు చేయడానికే రూల్స్ అనుకుంటాం గానీ, నా లెక్కలో అవి ఎక్కువగా ఉపయోగపడేది మూలన కూర్చునే పిల్లకి.

మొదటి అడుగు: రాయకముందు చూడండి

ఒక రెండు మూడు రోజులు ఏ రూలూ పెట్టకుండా, గొడవ ఎక్కడ పుడుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. పాఠం మధ్యలో పుట్టే గొడవలు తక్కువ. ఒక పని ఆపి ఇంకో పని మొదలుపెట్టే సందులోనే ఎక్కువ పుడతాయి. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర, కంచాలు తెచ్చుకునే చోట, నోట్సులు దిద్దించుకోడానికి టేబుల్ చుట్టూ మూగినప్పుడు, పెన్సిల్ చెక్కుకునే వంకతో చెత్తబుట్ట దగ్గర సభ పెట్టినప్పుడు.

ప్రతి బడికీ తన సొంత తిప్పలు కొన్ని ఉంటాయి. మన ఊళ్ళో వానాకాలం గొడుగులు, రెయిన్‌కోట్లు గుమ్మంలో కుప్పపడి, వాటి మీంచి జారి ఒకడు పడితే పది నిమిషాలు హాంఫట్. మల్కాపురం, గాజువాక వైపు, బీచ్ దగ్గరి బడుల్లో నేవీ హెలికాప్టర్ శబ్దం వినపడగానే క్లాసంతా కిటికీలకి వేలాడుతుంది. దాన్ని ఆపాలని చూడకండి, అది మీ వల్ల కాదు. "చప్పుడు వినగానే కూర్చున్న చోటి నుంచే కిటికీ వైపు చూద్దాం, వెళ్ళిపోగానే మళ్ళీ పుస్తకం" అని ఒక పద్ధతి పెట్టుకుంటే అర నిమిషంలో తేలిపోతుంది. రెండు తరగతులు ఒకే గదిలో ఉన్న చోట ఒక తరగతికి పాఠం చెబుతుండగా రెండో తరగతి ఏం చేయాలన్నదే పెద్ద చిక్కు. మీ రూల్స్ మీ కాగితంలోంచి రావాలి, పక్క బడి చార్టులోంచి కాదు.

రెండో అడుగు: నాలుగే రాయండి, చేసే పనే రాయండి

"క్రమశిక్షణతో మెలగాలి", "పెద్దలను గౌరవించాలి", "పరిశుభ్రత పాటించాలి". ఇవి మంచి మాటలే, కానీ ఏడేళ్ళ పిల్లకి ఇందులో చేయడానికి ఏమీ దొరకదు. క్రమశిక్షణ అంటే చేతులు ఎక్కడ పెట్టాలి? ఒక వాక్యం రూల్ అవుతుందో లేదో తేల్చడానికి నేను వాడే పరీక్ష ఇది: దాన్ని ఒక పిల్లాడు క్లాసు ముందు నిలబడి చేసి చూపించగలగాలి. చేసి చూపించలేకపోతే అది సూక్తి, రూల్ కాదు.

"వద్దు", "కూడదు" అనే మాటలతో కూడా ఇదే ఇబ్బంది. "పరిగెత్తకూడదు" అంటే పిల్లాడి చెవిలో పడేది 'పరిగెత్తు' అన్న మాటే. "వరండాలో నడుస్తాం" అంటే ఏం చేయాలో తెలుస్తుంది. "అరవొద్దు" బదులు "గదిలో చిన్న గొంతు, గ్రౌండులో పెద్ద గొంతు" అనండి. "కొట్టుకోకూడదు" బదులు "చేతులు, కాళ్ళు మన దగ్గరే ఉంచుకుంటాం" అనండి.

నేను సాధారణంగా మొదలుపెట్టే నాలుగు ఇవి:

- ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళం వింటాం.
- చేతులు, కాళ్ళు మన దగ్గరే ఉంచుకుంటాం.
- ఎవరిదైనా అడిగి తీసుకుంటాం, పని అయ్యాక ఇచ్చేస్తాం.
- తీసిన వస్తువు తీసిన చోటే పెడతాం.

ఒకటో తరగతికి ఇందులో మూడే ఉంచినా సరిపోతుంది. చదవడం ఇంకా రాని పిల్లలకి ప్రతి రూల్ పక్కన ఒక బొమ్మ గీయండి. చెవి, రెండు చేతులు, రబ్బరు, అలమారా. డ్రాయింగ్ రాకపోయినా పర్వాలేదు, అసలు వాళ్ళ చేతే గీయిస్తే ఇంకా మంచిది.

పెద్దలు లేకుండా గేటు దాటకపోవడం లాంటివి ఈ జాబితాలో కలపకండి. అవి బడి మొత్తానికీ ఉండే కట్టుబాట్లు, వాటి మీద చర్చ లేదు. రోడ్డు పక్కన ఉన్న బడుల్లో మరీను.

ఇంకొన్ని ఉంటాయి, అవి రూల్స్ కావు, పద్ధతులు. మంచినీళ్ళు ఎప్పుడు, అన్నానికి లైను ఎలా, టాయిలెట్‌కి ఎలా వెళ్ళాలి లాంటివి. వీటిని చార్టు మీద ఎక్కించకుండా విడిగా అలవాటు చేయండి. ముఖ్యంగా టాయిలెట్ సంగతి. చిటికెన వేలు చూపించి "టీచర్, ఒంటికి" అనడం మన బడుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. "ఇప్పుడే కదా ఇంటర్వెల్ అయింది, కూర్చో" అని ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకటో తరగతి పిల్ల ఆపుకోలేక బెంచీ మీదే పోసుకుంటే, ఆ సిగ్గు ఏడాదంతా మర్చిపోదు. గుమ్మం దగ్గర మేకుకి రెండు అట్టముక్కలు వేలాడదీయండి. ఆడపిల్లలకి ఒకటి, మగపిల్లలకి ఒకటి. అట్ట ఉంటే మెళ్ళో వేసుకుని వెళ్ళడమే, అడగక్కర్లేదు. అట్ట లేదంటే ఎవరో వెళ్ళారని అర్థం. గుంపులుగా వెళ్ళడం దానంతట అదే ఆగుతుంది, మీ పాఠమూ మధ్యలో తెగదు.

మూడో అడుగు: పిల్లలతో ఒప్పందం

"పిల్లలతోనే రూల్స్ రాయించండి" అని ట్రైనింగుల్లో చెబుతారు. మంచిదే గానీ వయసును బట్టి. జాన్ పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పిల్లలు గోళీలాడుతుంటే పక్కన కూర్చుని, ఈ ఆట రూల్స్ ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడిగి, ఆ సంగతులు 1932లో ప్రచురించాడు. చిన్న పిల్లలు రూల్ అంటే పెద్దవాళ్ళ నుంచి వచ్చింది, మార్చకూడనిది అనుకుంటారు. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి, అది ఆడేవాళ్ళంతా కలిసి ఒప్పుకున్నది, అందరూ సరేనంటే మార్చుకోవచ్చు అని వాళ్ళకి తెలుస్తుంది. 

మన క్లాసుకి దీని అర్థం ఏమిటంటే, ఒకటి రెండు తరగతుల్లో రూల్ మీరే చెప్పండి. దానికి కారణం ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే ఆడించడంలోకి వెళ్ళిపోండి. నాలుగు ఐదు తరగతుల్లో మాత్రం కూర్చోబెట్టి అడగండి: "ఈ వారం క్లాసులో మీకు కోపం తెప్పించింది ఏంటి?" చెయ్యెత్తే చేతులు లెక్కపెట్టలేరు.

ఒక సంగతికి సిద్ధంగా ఉండండి. శిక్షల విషయంలో పిల్లలు మనకంటే కఠినంగా ఉంటారు. "మేస్టారూ, కొట్టినోడికి గుంజీలు తీయించండి!" "పది రూపాయలు ఫైనెయ్యండి!" "ఆడికి గుడ్డు ఇవ్వకూడదండి!" అని కేకలు మొదలవుతాయి. వెంటనే కొట్టిపారేయకండి. "గుడ్డు ఇవ్వకపోతే వాడు కొట్టడం మానేస్తాడా, ఆకలికి ఇంకో రెండు ఎక్కువ కొడతాడా?" అని తిరిగి అడగండి. నవ్వుతారు. ఆ నవ్వులోనే ఎవరో ఒకరు "సారీ చెప్పించండి" అంటారు, ఇంకొకరు "ఆడు పారేసిన పుస్తకాలు ఆడిచేతే సర్దించండి" అంటారు. మీకు కావలసింది ఆ చివరి మాట. దాన్ని బోర్డు మీద రాయండి.

పిల్లల యాస విషయంలో ఒక్క మాట. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు "ఏటి", "తీసీసాడు", "ఒగ్గీ" అంటారు. పోర్టు, స్టీల్ ప్లాంట్, నేవీ పనుల మీద వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఒడియా, హిందీ నడుస్తాయి. రూల్ చార్టు మీద పుస్తక భాషలో ఉంటే వీళ్ళలో సగం మందికి పరాయిదిగా ఉంటుంది. చార్టు మీద మామూలు తెలుగే రాయండి. నోటితో చెప్పించేటప్పుడు మాత్రం ఎవరి మాటల్లో వాళ్ళని చెప్పనివ్వండి. "నాను మాటాడినంతసేపు నువ్వు ఇనాలి" అని ఒక పిల్లాడు చెబితే రూల్ వాడికి అర్థమైనట్టే.

నాలుగో అడుగు: ఆడించి నేర్పండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. చాలామంది దాటేసేది కూడా దీన్నే.

'అడిగి తీసుకుంటాం' అన్న రూల్ తీసుకోండి. మొదట మీరే తప్పు చేసి చూపించండి. ముందు బెంచీ పిల్ల దగ్గర రబ్బరు చటుక్కున లాక్కుని, వెనక్కి తిరిగి తుడిచేసుకుని, ఆ రబ్బరు మీ జేబులో వేసుకోండి. క్లాసు గొల్లుమంటుంది. "ఏం తప్పు చేశాను?" అని అడగండి. "అడగలేదు", "ఇచ్చీలేదండి" అని వాళ్ళే చెబుతారు. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని పిలిచి సరైనది చేయించండి. ఒకరు "రబ్బరు ఇస్తావా?" అనాలి. రెండోవాళ్ళు "తీసుకో" అనొచ్చు, "నాకు ఇప్పుడు కావాలి, తర్వాత ఇస్తా" అని కూడా అనొచ్చు. ఈ రెండో జవాబు కూడా నేర్పండి. అడిగితే ఇచ్చి తీరాలని రూల్‌లో ఎక్కడా లేదు. లేదనిపించుకున్నవాళ్ళు ఏం చేయాలి? వేరేవాళ్ళని అడగాలి, లేదా టీచర్ టేబుల్ మీద ఉన్న డబ్బాలోంచి తీసుకోవాలి. ఆ డబ్బాలో నాలుగు రబ్బర్లు, నాలుగు పెన్సిళ్ళు, రెండు షార్ప్‌నర్లు ఉంచండి. రబ్బరు యుద్ధాల్లో సగం ఆ డబ్బాతోనే ముగుస్తాయి. అప్పుడప్పుడు రెండు మాయమవుతాయి, ఆ ఖర్చు భరించొచ్చు.

తప్పు నటన మీరే చేయండి, పిల్లల చేత చేయించకండి. ఒకసారి అవకాశం ఇస్తే తప్పు చేసి చూపించడానికి క్లాసంతా క్యూ కడుతుంది.

ఇలా ఒక్కో రూల్‌కి ఒక రోజు. తర్వాతి రెండు వారాలు ప్రేయర్ అయ్యాక ఐదు నిమిషాలు నాలుగింటిలో ఏదో ఒకటి మళ్ళీ ఆడించండి. "ఇంకా సిలబస్ మొదలుపెట్టలేదు, ఈ నాటకాలేంటి" అని పక్క క్లాసు టీచర్ అనొచ్చు. పైన వేసిన లెక్క ఆవిడకి చెప్పండి.

'ఒకరు మాట్లాడుతుంటే వింటాం' అన్నదానికి ఒక గుర్తు ఉండాలి. డస్టర్‌తో టేబుల్ బాదడం, "సైలెన్స్" అని అరవడం రెండు మూడు రోజులే పనిచేస్తాయి. తర్వాత మీ గొంతు పోతుంది, వాళ్ళకి అలవాటైపోతుంది. చప్పట్ల వరస ఒకటి పెట్టుకోండి. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళ దరువు తెలియని పిల్లలు తక్కువ. ఆ దరువులో ఒక చిన్న ముక్క మీరు కొట్టండి, వాళ్ళు తిరిగి కొట్టాలి, చివరి దెబ్బతో చేతులు ఒళ్ళో. చేతులు పనిలో ఉంటే నోరు ఆగుతుంది. ఆ తర్వాత కనీసం మూడు సెకన్లు మీరూ మాట్లాడకండి. ఇంకా గుసగుసలు వినిపిస్తుండగానే పాఠం మొదలుపెడితే, గుర్తు వచ్చినా మాట్లాడొచ్చని మీరే నేర్పినట్టు.

ఈ రూల్ టీచర్‌కీ వర్తిస్తుంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు విని చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ ఆగడం మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పేవాళ్ళూ పెరిగారు. ఒక్క సెకనే ఇస్తే గట్టిగా అరిచేవాడే ప్రతిసారీ గెలుస్తాడు, చెయ్యెత్తి కూర్చున్నవాళ్ళు మీ రూల్ ఉత్తుత్తిదేనని తేల్చేసుకుంటారు. ప్రశ్న అడగండి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి, అప్పుడు పేరు పిలవండి.

ఐదో అడుగు: బాగా చేసినప్పుడు పట్టుకోండి

మాడ్సన్, బెకర్, థామస్ అనే ముగ్గురు పరిశోధకులు 1968లో అమెరికాలో ప్రైమరీ క్లాసుల మీద చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. మొదట ఊరికే రూల్స్ చెప్పించి చూశారు. పిల్లల ప్రవర్తనలో పెద్ద మార్పేమీ రాలేదు. చిన్న చిన్న అల్లరిని పట్టించుకోకుండా వదిలి, రూల్ పాటించినవాళ్ళని టీచర్ గుర్తించి మెచ్చుకోవడం మొదలుపెట్టాకే అల్లరి బాగా తగ్గింది. గోడ మీది చార్టు ఎందుకు పనిచేయదో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

మెచ్చుకోవడం అంటే గుడ్, వెరీ గుడ్ అని చల్లుకుంటూ పోవడం కాదు. ఏం చేశారో చెప్పండి. "నువ్వు అడిగి తీసుకున్నావు, ఇచ్చేశావు కూడా. చూశాను." అంతే. పక్కవాళ్ళు విని అదే చేస్తారు. రోజూ అల్లరి చేసే పిల్లాడు పది నిమిషాలు బాగా కూర్చుంటే, ఆ పదో నిమిషంలోనే వాడి దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పండి. పదకొండో నిమిషం దాకా ఆగితే అవకాశం చేజారుతుంది.

చేతి మీద స్టార్లు, చాక్లెట్లు జాగ్రత్తగా వాడండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత బహుమతి లేనప్పుడు చూస్తే, ఆ పిల్లలకే బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టకూడదు. చేయడానికి ఇంకా అలవాటు పడని పనికైతే కొద్దిరోజులు స్టార్లు పెట్టండి, తర్వాత మెల్లగా మానేయండి.

క్లాసు మరీ చేయి దాటిపోయిన రోజుల్లో ఒక ఆట పనికొస్తుంది. 1969లో బారిష్, సాండర్స్, వుల్ఫ్ అనే పరిశోధకులు అమెరికాలోని ఒక నాలుగో తరగతిలో దీన్ని మొదట పరీక్షించారు. క్లాసుని జట్లు చేసి, పాఠం జరుగుతుండగా ఎవరైనా రూల్ తప్పితే ఆ జట్టుకి బోర్డు మీద ఒక గీత గీస్తారు. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది, అన్ని జట్లూ హద్దు లోపలే ఉంటే అందరూ గెలుస్తారు. మనం చేసుకునేటప్పుడు పది నిమిషాలతో మొదలుపెట్టండి, నాలుగు గీతల హద్దు పెట్టండి, బహుమతిగా ఐదు నిమిషాలు ముందు గ్రౌండుకి వదలండి. గీత గీసేటప్పుడు పిల్లాడి పేరు అనకండి, "ఈ జట్టుకి ఒకటి, చిన్న గొంతు" అని రూల్ మాత్రమే చెప్పండి. మగపిల్లలొక జట్టు, ఆడపిల్లలొక జట్టు అని మాత్రం విడదీయకండి. అది మన బడుల్లో చేతికి దొరికే సులువైన విభజన, గొడవను ఇంటర్వెల్‌కి మోసుకెళ్ళేదీ అదే. బెంచీ వరసల్ని బట్టి చేయండి.

ఆరో అడుగు: రూల్ తప్పినప్పుడు

తప్పుతారు. రోజూ తప్పుతారు. దానికి ముందే ఒక వరస అనుకుని ఉంటే మీకు కోపం రాదు, వచ్చినా చేతుల్లోకి రాదు. 

మొదట ఊరికే చూడండి. పాఠం ఆపకుండా వెళ్ళి వాడి బెంచీ పక్కన నిలబడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఆగకపోతే వంగి నెమ్మదిగా "మన రూల్ ఏంటి?" అని అడగండి. వాడు చెబితే "చేసి చూపించు". వరండాలో పరిగెత్తాడా, వెనక్కి వెళ్ళి నడిచి రావాలి. పుస్తకం చించాడా, కూర్చుని అతికించాలి. అన్నం ఒలకబోశాడా, గుడ్డ తెచ్చి తుడవాలి. పాడుచేసింది బాగుచేయడంతో లెక్క సరి. మర్నాడు దాన్ని మళ్ళీ తవ్వకూడదు.

బెత్తం, గుంజీలు, గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం, "నీకు బుర్ర లేదురా" అనడం, అన్నీ చట్టవిరుద్ధమే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, దెబ్బ తిన్న పిల్లాడికి గుర్తుండేది దెబ్బే, రూల్ కాదు.

క్లాసు లీడర్ చేత మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయించడం ఈరోజే మానేయండి. టీచర్ స్టాఫ్ రూముకి వెళ్ళిన ఆ పది నిమిషాల్లో ఎనిమిదేళ్ళ లీడర్‌కి పోలీసు ఉద్యోగం వస్తుంది. స్నేహితుల పేర్లు చెరుగుతాయి, పడనివాళ్ళ పేర్ల పక్కన ఇంటూ మార్కులు పెరుగుతాయి. "నిన్న చాక్లెట్ ఇవ్వలేదు కదా, అందుకే నా పేరు రాసీసింది" అని ఏడ్చే పిల్లకి మీరు జవాబు చెప్పలేరు. లీడర్‌కి చేయడానికి పనులు ఇవ్వండి. పుస్తకాలు పంచడం, చాక్‌పీసులు చూసుకోవడం, కుళాయి కట్టారో లేదో చూడటం. వారం వారం మార్చండి, అందరికీ వంతు రావాలి.

"టీచర్, వీడు తిట్టాడండి", "మేడం, ఆడు నన్ను చూసి నవ్వాడు". రోజుకి ఇలాంటివి యాభై వస్తాయి. అన్నిటికీ తీర్పు చెప్పాలని కూర్చుంటే మీ పని అయిపోయినట్టే. "నీకు దెబ్బ తగిలిందా? వద్దని వాడికి చెప్పావా? చెప్పినా ఆగలేదా?" అని ఈ మూడే అడగండి. దెబ్బ తగిలితే వెంటనే చూడండి. వద్దని ఇంకా చెప్పకపోతే వెళ్ళి చెప్పమనండి, ఎలా చెప్పాలో కావాలంటే పక్కన నిలబడి నేర్పండి. చెప్పినా ఆగలేదంటే అప్పుడు మీరు కలగజేసుకోండి. నెల తిరిగేసరికి యాభై పదికి దిగుతాయి.

ఎన్నిసార్లు చెప్పినా ఒకే పిల్లాడు తప్పుతుంటే రూల్‌ని పక్కన పెట్టి పిల్లాడిని చూడండి. పొద్దున ఏమైనా తిన్నాడా? బోర్డు కనిపిస్తోందా? వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నాడా? చెవి సరిగా వినపడని పిల్లాడిని మొండివాడని ముద్ర వేసిన బడులు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలైతే దగ్గరి భవిత కేంద్రంలో సలహా అడగండి. ఒంటి మీద గాట్లు, ఇంటికి వెళ్ళాలంటే భయం లాంటివి కనిపిస్తే అది క్లాసు రూల్స్‌తో తేలే సంగతి కాదు. హెచ్ఎంకి చెప్పండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ విషయంలో కూడా కాస్త ఆలోచించాలి. ఆరేళ్ళ పిల్ల తనంతట తాను ఆలస్యం కాదు. చేపల వేలం కోసం తెల్లారగట్లే హార్బర్‌కి వెళ్ళే తల్లి తిరిగొచ్చి జడ వేస్తేనే ఆ పిల్ల బయల్దేరుతుంది. గుమ్మం బయట నిలబెడితే శిక్ష పడేది ఎవరికి? చప్పుడు చేయకుండా వచ్చి కూర్చునే పద్ధతి నేర్పండి, టైము సంగతి తల్లితో మాట్లాడండి.

ఇంటివాళ్ళతో

పేరెంట్స్ మీటింగ్‌లో మీకు తప్పకుండా వినిపించే మాట: "మా వాడు చెప్పిన మాట వినట్లేదు మేడం, నాలుగు తగిలించండి, మేమేం అనుకోం." వాళ్ళు నమ్మకంతోనే అంటారు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని తాతగారు వంత పాడతారు కూడా. వాదించకండి. "కొట్టను గానీ అమ్మా, ఒక పని చేద్దాం. బడిలో తీసిన వస్తువు తీసిన చోట పెట్టిస్తున్నాను, ఇంట్లో కూడా చెప్పులు ఒక చోటే విప్పమనండి" అని ఒక్క రూల్ ఇంటికి పంపండి. నాలుగూ పంపితే ఒక్కటీ జరగదు.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పటి నుంచి, పెద్దగా బడి గడప తొక్కని తండ్రులు కూడా వస్తున్నారు. మీటింగ్ రోజు మార్కుల గురించి మాట్లాడేది ఎలాగూ ఉంటుంది. రెండు నిమిషాలు పిల్లల చేతే ఒక రూల్ ఆడించి చూపించండి. మీరు అరగంట చెప్పినదాని కంటే ఎక్కువ వాళ్ళకి ఎక్కుతుంది.

మళ్ళీ ఎప్పుడు నేర్పాలి

దసరా సెలవులయ్యాక మొదటి రోజు, సంక్రాంతి అయ్యాక మొదటి రోజు, క్లాసు మళ్ళీ జూన్‌లో ఉన్నట్టే ఉంటుంది. ఊళ్ళ నుంచి నిదానంగా ఒక్కొక్కరే తిరిగొస్తారు. వారం రోజులు ప్రేయర్ తర్వాత ఐదు నిమిషాల ఆట మళ్ళీ మొదలుపెట్టండి. మార్చిలో ఒంటిపూట బడులు వచ్చాక అన్నం టైము, నీళ్ళ టైము అన్నీ మారతాయి. విశాఖ ఉక్కకి పిల్లలు చిరాకుగా ఉంటారు. అప్పుడు కొత్త రూల్ పెట్టకండి, నీళ్ళు తాగే పద్ధతి ఒక్కటి గట్టిగా చూసుకోండి.

నెలకోసారి నాలుగింటినీ పరీక్షించండి. ఏదైనా రూల్ రెండు వారాలుగా ఎవరూ తప్పలేదంటే దాన్ని చార్టు మీంచి తీసేసి, ఇప్పుడు ఏ సందులో గొడవ ఉందో దానికి చోటివ్వండి. తీసేసేటప్పుడు "ఇది మీకు వచ్చేసింది, ఇక రాసి ఉంచక్కర్లేదు" అని క్లాసుకి చెప్పండి. నాలుగో తరగతి పిల్లలు దానికి కొట్టే చప్పట్లు వినాలి.

చివరిగా ఒక చిన్న పని. నాలుగు రూల్స్, చప్పట్ల గుర్తు, టాయిలెట్ అట్టలు, ఈ వారం లీడర్లు ఎవరు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అటెండెన్స్ రిజిస్టర్‌లో పెట్టండి. మీరు సెలవు పెట్టిన రోజు పక్క క్లాసు టీచర్ వచ్చి రిజిస్టర్ తెరుస్తారు కదా, ఆవిడకి అదే ముందు కనబడాలి.